మెత్తబడ్డ గొంతు

ఆవిడ పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేస్తుంది. పొద్దున వెళ్ళి కూర్చుంటే సాయంత్రం దాకా ఎవరెవరివో నోటి అచ్చులు చేతుల్లో తిరుగుతూనే ఉంటాయి. ఎంగిలి ఎండినవి, నెత్తురు చారలున్నవి, ఒక్కోసారి తిన్నదేదో అతుక్కుని వచ్చినవి. డాక్టర్లు సరిగ్గా కడక్కుండా పంపేస్తే ఆవిడే కుళాయి కింద పట్టి, బ్రష్షుతో రుద్ది, అప్పుడు ప్లాస్టర్ పోస్తుంది. ఆ తర్వాత చేతులు కడుక్కుని అదే బల్ల చివర డబ్బా విప్పుకుని తింటుంది. కొత్తగా చేరిన పిల్లలు ముక్కు మూసుకుంటే, "మీ నోట్లో మాత్రం ఏముందనుకుంటున్నారే, మల్లెపూలా?" అని నవ్వుతుంది.

అలాంటి మనిషికి, కట్టుకున్న మొగుడు కళ్ళు మూసుకుని మంత్రం చెప్పుకుంటుంటే రోత పుట్టేది.

ఆయన ఇనప సామాన్లు చేసే వర్క్‌షాపులో ఫోర్‌మన్. మిషన్ల రొదలో అవతలి చివరకి వినబడాలంటే అరవాల్సిందే. ఆ అరుపు గేటు దగ్గర వదిలేసి వచ్చే అలవాటు ఆయనకి లేదు. ఇల్లంటే ఆయన లెక్కలో ఇంకో షెడ్డు. కూరలో ఉప్పు తగ్గితే అరుపు, తలుపు తియ్యడం ఆలస్యమైతే అరుపు. చేతిలో ఏముంటే అది గోడకి తగిలేది. మనిషి మీద మాత్రం ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. ఆ సంగతి ఆయనే పదిమందిలో గొప్పగా చెప్పుకునేవాడు.

ఒక్కతే కూతురు. చదివించడానికి ఆయన పక్కన కూర్చుంటే, మాట తప్పు చదివినప్పుడల్లా అరచెయ్యి బల్ల మీద దభీమని పడేది. ఆ పిల్లకి నత్తి పట్టుకుంది. అన్ని మాటలకీ కాదు. "నాన్న" అనాల్సి వస్తే చాలు, "నా... నా..." అంటూ గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు ఆగిపోయేది. పెద్దదై, ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్ళిపోయాక ఆ నత్తి ఎటు పోయిందో పోయింది. తల్లితో ఫోన్లో గలగలా మాట్లాడేది. తండ్రితో మాట్లాడేది కాదు.

ఒకరోజు వర్క్‌షాపులో ఫోర్‌మన్‌కి కళ్ళు తిరిగాయి. బీపీ బాగా ఎక్కువుందని, ఇలాగే కోపాలు పెట్టుకుంటే మంచాన పడతావని డాక్టరు మొహం మీదే చెప్పాడు. బిళ్ళలతోపాటు ధ్యానం కూడా చెయ్యమన్నాడు. తోటివాళ్ళెవరో టైర్ల షాపు పైన జరిగే క్లాసుకి లాక్కెళ్ళారు. అక్కడ ఒక టీచరమ్మ, చాపలు, చిన్నాపెద్దా కంచు గిన్నెలు. టీచరమ్మ రెండక్షరాల మంత్రమొకటి ఇచ్చి, ఊపిరి వదిలేటప్పుడు దాన్ని గొంతులో సాగదీస్తూ పలకమంటుంది. పడుకోబెట్టి పక్కన గిన్నెలు మోగిస్తుంది. "పిచ్చోళ్ళ మేళం" అని ఎగతాళి చేస్తూ వెళ్ళిన మనిషి అక్కడే అతుక్కుపోయాడు.

నిజం చెప్పాలంటే అది పనిచేసింది. చూస్తుండగానే బీపీ దిగింది. డాక్టరు బిళ్ళ సగం చేశాడు. నిద్రలో పళ్ళు పటపట కొరకడం పోయింది. గొంతు మెత్తబడింది. పక్కింటావిడ మెట్ల మీద ఆపి మరీ, "మీ అదృష్టమండీ, ఆయన ఎంత మారిపోయారో!" అంది. ఈవిడ నవ్వలేక నవ్వి లోపలికొచ్చింది.

రోజూ పొద్దున్నే హాల్లో చాప పరిచేవాడు. ముక్కులోంచి, గొంతులోంచి ఆ మంత్రం తుమ్మెద రొదలా జుమ్మని మొదలయ్యేది. పెదాలు వణికేవి. పెదవి మూల సన్నటి ఎంగిలి తీగ సాగి గడ్డం మీద మెరిసేది. కడుపు కొలిమి తిత్తిలా పొంగి కుంగేది. అయ్యాక కళ్ళు తెరిచి చూసే చూపుంది చూశారూ, దాన్ని ఆవిడ అసలు భరించలేకపోయేది. అప్పుడే తోమి బోర్లించిన గిన్నెలాంటి మొహం. ఇంత శుభ్రంగా ఎలా ఉన్నాడీయన? కడుక్కున్న మురికినీళ్ళు ఎటు పోయినట్టు?

ఒకసారి ఉండబట్టలేక పాత సంగతొకటి ఎత్తింది. ఆయన చిరునవ్వు నవ్వాడు.

"అవన్నీ ఇంకా మోస్తున్నావా? వదిలెయ్యమ్మా. ఊపిరి లోపలికి తీసుకో."

జీవితమంతా "ఏమే" అని పిలిచిన నోటితో "అమ్మా" అంటుంటే ఒళ్ళంతా తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది. "నేను బాగానే పీలుస్తున్నాను లెండి" అనేసి వంటగదిలోకి పోయింది.

ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో మైనం చెక్కుతుంటే కూతురు ఫోన్ చేసింది.

"అమ్మా, నా... నా..."

ఆవిడ చేతిలో పనిముట్టు ఆగిపోయింది. ఆ తడబాటు విని ఎన్నాళ్ళయిందో.

"నిదానంగా చెప్పమ్మా. ఏమైంది?"

"నా... నాన్న ఏదో వాయిస్ మెసేజ్ పంపాడు. తెలీక నొక్కాను. ఆఫీసులో ఉన్నానమ్మా. చేతులు చల్లబడిపోయాయి. ఇందాకట్నుంచి మాట సరిగ్గా రావట్లేదు."

అదే ఆవిడకీ పంపించింది. ఆవిడ వెనక గదిలోకి వెళ్ళి చెవి దగ్గర పెట్టుకుంది. ముందు ఆ జుమ్ము చాలాసేపు సాగింది. తర్వాత తేనె పూసినట్టు ఆయన మాట: "రోజూ పడుకునే ముందు ఇది విను తల్లీ. నీలో ఉన్న భయాలన్నీ పోతాయి." నోటి అచ్చుల దగ్గర ఏనాడూ రాని వాంతి అప్పుడు గొంతు దాకా వచ్చింది. సింకు దగ్గర వంగి నిలబడింది.

ఇంటికెళ్ళగానే అడిగింది. "పిల్లకేం పంపారు మీరు?"

"మంచిదే పంపాను. దానికి మనసులో ఏవో భయాలున్నాయి."

"అవి ఎక్కడినుంచి వచ్చాయో తెలుసా మీకు?"

"నీకు అలజడి ఎక్కువైంది. శనివారం క్లాసుకి ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురమ్మన్నారు. వచ్చి చూడు." అని కళ్ళు మూసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఇంట్లో తలుపు మూసినట్టు కళ్ళు మూసేశాడు. ఇక తట్టినా తియ్యడు.

ఆవిడ వెళ్ళింది. అదేమిటో కళ్ళారా చూసి గానీ తిట్టకూడదనుకుంది.

టీచరమ్మ బక్కపలచటి మనిషి. గొప్పలేమీ చెప్పలేదు. "ఒళ్ళు వదులుగా పెట్టుకోండి, నచ్చకపోతే లేచి కూర్చోండి" అంతే. ఆవిడ పడుకుంది. పెద్ద గిన్నె మోగింది. ఆ మోత చెవిలోంచి కాకుండా వీపులోంచి ఎక్కినట్టు, ఎముకల వెంట పాకినట్టు అనిపించింది. ఎప్పుడూ బిగబట్టుకుని ఉండే దవడ దానంతటది వదులైంది. హాయిగా ఉంది. అబద్ధమెందుకు, చాలా హాయిగా ఉంది. అంతలో పక్క చాప మీంచి మొగుడి జుమ్ము వినబడింది. తనకి హాయినిచ్చిందీ ఆయన్ని కడిగేసిందీ ఒకటే మందు కదా అని తోచి, తన మీద తనకే రోత పుట్టి లేచి కూర్చుంది.

చివర్లో ఎవరైనా నాలుగు మాటలు చెప్పమంటే ఫోర్‌మన్ ముందే లేచాడు.

"ఒకప్పుడు నాకు కోపం ఉండేది. ఇప్పుడు మా ఇంట్లో గట్టి మాటన్నది లేదు. మా అమ్మాయికి కూడా నా గొంతుతోనే మంత్రం పంపిస్తున్నాను. తనకీ బాగా పనిచేస్తోంది."

అందరూ చప్పట్లు కొట్టారు.

"పనిచేస్తోంది," అంది ఆవిడ కూర్చున్నచోటునుంచే. "మానిపోయిన నత్తి మళ్ళీ వచ్చింది."

చప్పట్లు ఆగిపోయాయి. టీచరమ్మ ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ ఏడవలేదు, గొంతు పెంచలేదు. బల్ల మీద పడే అరచేతి సంగతి చెప్పింది, గోడకి తగిలిన సామాన్ల సంగతి చెప్పింది, ఆఫీసులో ఆ పిల్ల చేతులు చల్లబడ్డ సంగతి చెప్పింది. ఫోర్‌మన్ మొహంలో చిరునవ్వు అలాగే ఉంది కానీ మెడ ఎర్రబడుతోంది. మెల్లిగా కూర్చుని కళ్ళు మూసుకోబోయాడు.

"ఇప్పుడు వద్దండీ," అంది టీచరమ్మ. "కళ్ళు తెరిచి వినండి. ఈ మంత్రం మీ గుండెకి మంచిదే. కానీ ఏ గొంతుకి ఆ పిల్ల భయపడిందో ఆ గొంతే పంపి భయం పోగొడతానంటే ఎలాగండీ?"

"మీకు తెలీదండీ, ఇది ప్రతిదీ పెద్దది చేసి..."

"ఇంకా చాలా తగ్గించి చెప్పాను," అంది ఆవిడ.

"నోర్ముయ్!"

ఆ పాత అరుపే. వర్క్‌షాపు అవతలి గోడ దాకా వినబడే అరుపు. గదిలో ఒకాయన ఉలిక్కిపడి మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎవరూ ముట్టుకోకుండానే చాపల మధ్య పెట్టిన కంచు గిన్నెలు సన్నగా మోగాయి. అందరూ వాటి వంకే చూశారు. ఫోర్‌మన్ కూడా చూశాడు. ఆ మోత పూర్తిగా అణిగేదాకా ఎవరూ కదల్లేదు. తన అరుపు తన చెవులతో వినడం ఆయనకి అదే మొదటిసారేమో, నోరు తెరుచుకునే ఉండిపోయింది.

బస్టాపుకి నడిచే దారిలో సగం దూరం వచ్చాక అడిగాడు. "పిల్లకి ఇలాగే వినబడేదా?"

"ఇంతకంటే గట్టిగా. దానికి అప్పుడు చెవులు ఇంకా చిన్నవి," అంది ఆవిడ. బస్సు వస్తే ఎక్కి వేరే సీట్లో కూర్చుంది.

ఆ తర్వాత ఆయన కూతురికి ఏమీ పంపలేదు. పంపొద్దని కూతురే తల్లితో చెప్పించింది. మాట్లాడాలనిపిస్తే తనే చేస్తానంది. ఇంకా చెయ్యలేదు. ఆఫీసులో మాత్రం మాట మళ్ళీ సాఫీగానే వస్తోందట. ఆవిడ తన పక్క కూతురి గదిలోకి మార్చుకుంది. ఆయన్ని మంత్రం మానమని అనలేదు. మానితే బీపీ పెరుగుతుంది, ఆ చాకిరీ కూడా తనకే చుట్టుకుంటుంది. వెనక వరండాలో తలుపేసుకుని చేసుకోమంది. తను మటుకు మంగళవారాలు, ఆయన రాని పూట, టీచరమ్మ దగ్గరికి వెళ్ళి పెద్ద గిన్నె పక్కన పడుకుని వస్తోంది. ఆ రోజు దవడ నొప్పుండదు.

మొన్నొక పొద్దున ఆయన మంత్రం మధ్యలో ఆపేసి వంటగది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మొహం ఆ తోమిన గిన్నెలా లేదు. చెమట పట్టి, ముడతలు పడి, వయసు తెలుస్తోంది.

"దాని సైకిల్ కాలవలో పడేశాను కదా ఒకసారి. ఎందుకో కూడా గుర్తులేదు. అది గట్టున నిలబడి చూసింది. ఏడవలేదు." ఆగాడు. గొంతు మెత్తగా లేదు, గట్టిగానూ లేదు, బొంగురుగా ఉంది. "తప్పు చేశాను."

ఆవిడ తిరిగి చూడలేదు. ఆయన నిలబడ్డ వైపు వీపంతా ఇంకా కంపరంగానే ఉంది. కత్తి కింద ఉల్లిపాయ రెండు ముక్కలు చేసింది.

"ఇంకా ఉన్నాయి," అంది. "గుర్తు చేసుకోండి."