లోపలి కంప్యూటర్

గంజి వారుస్తుంటే ముందుగదిలోంచి మా ఆయన గిరిబాబు బావ గొంతు వినిపించింది.

"కంప్యూటర్ ఖాళీ చేసేను సుహా. ఇప్పుడు బాగా నడుస్తన్నాది."

పాత సినిమాలేవో తీసేశాడనుకున్నాను. వార్పు పూర్తిచేసి, అత్త జగ్గమ్మకు కంచం పెట్టి, చేతులు తుడుచుకుని వెళ్లాను. తెరమీద ఆడపడుచు కొడుకు మొదటి పుట్టినరోజు వీడియో. దాన్ని పక్కకు జరిపి నా వర్చువల్ మెషీన్ తెరవబోతే తెరుచుకోలేదు. డిస్కు ఫైలు కనబడటం లేదని ఇంగ్లీషులో ఒక్క వాక్యం వచ్చింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే. కుర్చీ పట్టుకుని కూర్చున్నాను.

ఆ కంప్యూటర్ బావ ఆఫీసు పనికోసం వచ్చింది. బొబ్బిలి నీటిపారుదల ఆఫీసులో గుమాస్తా అతను. అందులో విండోస్, అతని ఫైళ్లు. నేను బడిలో పాఠాలు చెబుతూ దూరవిద్యలో ఎంసీఏ చదువుతున్నాను. నా ప్రాజెక్టు లినక్స్‌లో చెయ్యాలి. లినక్స్ కోసం విండోస్ తీసేస్తే బావ పని ఆగిపోతుంది. రెండో కంప్యూటర్ మాటెత్తితే, ఉన్నదానికే నీకు ఖాళీ లేదు కదా అని అత్త నవ్వింది. శ్రీకాకుళంలో ఆదివారం క్లాసులు చెప్పే అనూరాధ మేడమే దారి చూపించారు. వర్చువల్ మెషీన్ అంటారు దాన్ని. విండోస్ నడుస్తుండగానే ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఆ కిటికీలో ఇంకో కంప్యూటర్ మొదటినుంచి మొదలవుతుంది. అందులో లినక్స్ వేసుకోవచ్చు. బయటి విండోస్‌కు ఏమీ కాదు. లోపల మనం ఏం రాసుకున్నా, ఎంత రాసుకున్నా, బయటి విండోస్‌కు మాత్రం అదంతా ఒకే ఒక్క పెద్ద ఫైలు.

మొదటిసారి ఆ కిటికీని తెరంతా పరిచినప్పుడు బావ ఆఫీసు, అతని ఫైళ్లు, వాళ్లింటి ఫొటో అన్నీ మాయమై నా లినక్స్ ఒక్కటే మిగిలింది. ఆ ఇంట్లో తలుపేసుకోగలిగిన గది నాకు అదొక్కటే. మా నాన్న జోగయ్య కళింగపట్నంలో సముద్రం మీద చేపల వేటకెళ్తాడు. వాయుగుండం కబురు పడవలకు తెలుగులో, ఫోన్‌లో, వేళకు అందేలా ఒక ప్రోగ్రాం రాస్తున్నాను. బడి, వంట, అత్త మందులు అయ్యాక దొరికిన ముక్కముక్క సమయంలో రెండేళ్లు రాశాను. వేసవి చివర్లో దానిమీద వైవా.

పెద్ద ఫైలును తీసేయబోతే విండోస్ ఊరుకోదు. ఇది చెత్తబుట్టలో పట్టదు, శాశ్వతంగా పోతుంది, సరేనా అని అడుగుతుంది. పొరపాటున చెయ్యి తగిలి పోయే వస్తువు కాదది.

"నిన్ను అడగలేదా బావా, తీసెయ్యమంటావా అని?"

"అడిగింది. అవునని కొట్టేను."

"ఏ ఫైలో చూడలేదా?"

"సూడకుండా తీస్తానా?" నొచ్చుకున్నాడు. "ఆఫీసుయి ఒక్కటీ ముట్టలేదు. అక్క వీడియోకి సోటు సాలలేదు. దానిమీద నీ పేరున్నాది. నీదే కదా అని తీసీసేను."

మెషీన్ తయారుచేసేటప్పుడు దానికో పేరు పెట్టమంటుంది. అప్పుడు సరదాపడి సుహాసిని అని కొట్టాను. ఆ పేరు చూశాకే అతనికి ధైర్యం వచ్చింది.

నాకు ఏడుపు రాలేదు. వీడియోలో పిల్లలు చప్పట్లు కొడుతున్నారు, ఆ చప్పుడు నాకు ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. కోపంతో తీసేసి ఉంటే తిరిగి కోప్పడేదాన్ని. తెలియక తీసేసి ఉంటే క్షమించేదాన్ని. ఇతను జాగ్రత్తగా తీశాడు. ఒక్కొక్క ఫైలు పేరూ చదివి, ఏది పోతే ఎవరికి నష్టమో ఆలోచించి, ఎవరికీ నష్టం లేనిదేదో వెతికి తీశాడు. నీదే కదా అన్న మాట నేనెక్కడో విన్నానని అప్పుడు తట్టింది. నీ సెలవే కదా, అక్క పిల్లల్ని సూడు. నీ చీరే కదా, అక్క పెళ్లికెళ్తాది, ఇచ్చీ. నీ ముక్కే కదా, వచ్చినోళ్లకి వడ్డించీ. ప్రతిసారీ నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వుతూనే ఇచ్చాను. ఇంతకాలం దాన్ని ప్రేమ అనుకున్నాను.

అత్త కంచం దగ్గర్నుంచే అంది. "ఏటయినాదే? కంప్యూటర్ అక్కడే ఉన్నాది కదా."

నిజమే. అక్కడే ఉంది.

తెల్లారి సంచి సర్దుకున్నాను. బడికి ఎలాగూ సెలవులు. వైవా అయ్యేదాకా మా అమ్మ దగ్గర ఉంటానన్నాను. బావ నిర్ఘాంతపోయి చూశాడు. "అమ్మకి వంటెవరు సేస్తారు?" అన్నాడు. నువ్వు చెయ్యి అన్నాను. ఆ మాట నా నోటినుంచి వచ్చినందుకు అతనికంటే నేనే ఎక్కువ అదిరిపడ్డాను.

అనూరాధ మేడం తన పాత లాప్‌టాప్ ఇచ్చారు. ఎప్పుడో దిద్దడానికి నేనిచ్చిన సగం ప్రోగ్రాం ఆవిడ దగ్గరుంది. కళింగపట్నంలో అమ్మ లక్ష్మణమ్మ ఇసుకమీద ఎండబెట్టిన చేపలు తిరగేస్తూ జరిగిందంతా విన్నది. ఫైలంటే ఏమిటని అడగలేదు.

"నిన్ను అడిగేడా?" అన్నది.

"లేదమ్మా."

కాసేపు చేపలు తిరగేసింది. తర్వాత లేచి, వాకిట్లో పెద్ద గొంతుతో మాట్లాడుతున్న నాన్నని అవతలికి పంపించేసింది. ఆ నెలంతా ఆ ఇంట్లో నన్నెవరూ నీళ్లు తెమ్మని కూడా అడగలేదు. పోయిన సగం మళ్లీ రాశాను. పాత ప్రోగ్రాంలో నేను తేల్చుకోలేకపోయిన చోట్లు ఈసారి తేలాయి. నాన్న ఫోన్‌కు మొదటి సందేశం వెళ్లిన పూట, ఆయన దాన్ని పైకి చదివి, పక్క పడవవాళ్లను పిలిచి మళ్లీ చదివాడు.

శ్రీకాకుళంలో వైవా బాగా జరిగింది. బస్సుల కాంప్లెక్సుకు వచ్చేసరికి బావ ఫోన్.

"అయిపోయింది కదా సుహా. ఇంక వచ్చీ. అమ్మ రోజూ నిన్నే తలుస్తాది."

గొంతులో నిజమైన దిగులుంది. ఎదురుగా బొబ్బిలి బస్సు నిలబడి ఉంది. నాకు కాళ్లు అటే లాగాయి.

"ఒక్కటి సెప్పు బావా. ఆవేళ నాదేటి పోయినాది? సెప్పగలిగితే ఈ బస్సే ఎక్కుతాను."

అతను నిజంగానే ఆలోచిస్తున్నాడు, ఆ ఊపిరి నాకు వినిపిస్తోంది. నేను ఫోన్‌ను చెవికి గట్టిగా అదిమి పట్టుకుని, చెప్పగలిగితే బాగుండునని ఎంతో ఆశపడ్డాను.

"ఫైలు," అన్నాడు.

బొబ్బిలి బస్సు కదిలింది. నేను కళింగపట్నం బస్సు ఎక్కాను.