మూడోవాడు లేని పాట

మంగళవారం సాయంత్రం నాలుగింటికి నేను మా తమ్ముడి పాటలు దొంగిలించాను. ఆరు పాటలు. పట్టపగలు, నా స్టూడియోలో, నా కుర్చీలో కూర్చుని.

నిజానికి వాటిని నా దగ్గరికి తెచ్చింది వాడే.

"శుక్రవారం విడుదల అన్నయ్యా. ఒక కాపీ కంపెనీ దగ్గరుంది, ఒకటి రికార్డింగు చేసినాయన దగ్గరుంది. మూడోది నీకు. బయటివాళ్ళకంటే ముందు నువ్వు వినాలి" అంటూ పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టాడు.

రికార్డింగు చేసినాయన! ఆ మాట దగ్గరే నాకు కాలింది.

ఇరవై ఏళ్ళుగా తమ్ముడు పాడిన ప్రతి పాటా నేనే రికార్డు చేశాను. రెండు గదుల స్టూడియో నాది. గోడలకి స్పాంజి పలకలు కూడా నా చేత్తోనే అంటించాను. తొలిసారి ఒక పెద్ద కంపెనీ పిలిచేసరికి వాడు ఊరి నడిబొడ్డున ఉన్న అద్దాల మేడకి వెళ్ళి, గదిలో కూడా నల్లకళ్ళద్దాలు తియ్యని ఒక మనిషి దగ్గర పాడి వచ్చాడు. "కంపెనీ షరతు అన్నయ్యా, నా చేతిలో లేదు" అన్నాడు. చేతిలో లేకపోతే మానె, నోట్లో గొంతుంది కదా. కుదరదని చెప్పడానికి అది పెగల్లేదా?

వాడు వెళ్ళగానే హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. బాగుండకూడదని కోరుకుంటూ విన్నాను. బాగున్నాయి. ఒళ్ళు మండేంత బాగున్నాయి. రెండో పాటలో, తమ్ముడు పైస్వరం అందుకోబోయే ముందు, వినబడింది.

కిర్ర్.

సీట్లోంచి లేచి నిలబడ్డాను. మూడోవాడు!

మూడోవాడంటే మనిషి కాదు. మా అమ్మ బట్టలు కుట్టుకునేటప్పుడు కూర్చునే చెక్క కుర్చీ. తమ్ముడు దానిమీద కూర్చుంటే తప్ప పాడలేడు. పైస్వరానికి వెళ్ళేముందు కాస్త ముందుకి వంగుతాడు, అది కిర్రుమంటుంది. నేను, తమ్ముడు, మూడోవాడు. మా ఇంట్లో అందరికీ తెలిసిన జోకు అది. ఆ కుర్చీ ఇరవై ఏళ్ళుగా నా స్టూడియోలోనే ఉంటోంది. పాట పూర్తయ్యాక దాని చప్పుళ్ళని ఒక్కొక్కటిగా పట్టుకుని చెరిపెయ్యడం నా పని. ఈసారి తమ్ముడు దాన్ని అద్దాల మేడకి మోసుకెళ్ళి, పనయ్యాక తెచ్చి మళ్ళీ నా దగ్గరే పెట్టాడు. కళ్ళద్దాలాయన ఆ చప్పుడుని ఏదో వాయిద్యం అనుకుని వదిలేసినట్టున్నాడు. ఆరు పాటల్లో పదకొండుసార్లు.

నవ్వుకుని అక్కడితో ఆపెయ్యాల్సింది. కానీ పెన్‌డ్రైవ్‌లో ఆల్బమ్ అట్ట బొమ్మ కూడా ఉంది. తమ్ముడి పేరు కింద, ఇంతలేసి అక్షరాలతో కళ్ళద్దాలాయన పేరు. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాలతో 'కృతజ్ఞతలు: అన్నయ్యకి.'

అది చూశాక నేను నేను కాదు.

పాటల్ని ఊరికే పంచే సైట్లు నాకు తెలుసు. ఎవరి పేరూ అడగరు. పాట నలుగురికీ చేరితే తప్పేంటి, గాలికి టిక్కెట్టు పెడతామా అని నాకు నేనే చెప్పుకున్నాను. తీరా బటన్ నొక్కబోతే వేలు ఆగింది. భయంతో కాదు. ఆ కిర్రుతో తమ్ముడి పాటని బయటికి పంపడానికి ప్రాణం ఒప్పలేదు.

కూర్చుని పదకొండు చప్పుళ్ళూ తీసేశాను. అప్పుడు నొక్కాను. దొంగసొత్తుకి ఇస్త్రీ చేసి మరీ పంపానన్నమాట.

బుధవారం పొద్దున్నే వంటింట్లో మా ఆవిడ ఫోన్లో తమ్ముడు పాడుతున్నాడు.

"మరిది పాటలు వచ్చేశాయండీ! మా ఆఫీసు గ్రూపులో పెట్టారు."

"దింపుకున్నావా?"

"అందరూ దింపుకున్నారు. నేనొక్కదాన్నీ మానేస్తే ఆగిపోతుందా? మరిదికి మాత్రం చెప్పకండి, బాగోదు."

మధ్యాహ్నం సెలూన్‌కి వెళ్తే అక్కడా అవే పాటలు. నా మెడకి గుడ్డ కడుతూ సెలూనాయన తల ఊపుతున్నాడు.

"కొన్నావా?" అన్నాను.

"ఊరికే దొరుకుతుంటే కొనడానికి నాకేమైనా పిచ్చా సార్?"

"ఇప్పుడు నేను క్రాపు చేయించుకుని డబ్బులివ్వకుండా లేచిపోతే?"

"భలేవారే! మీరు లేచిపోతే నా అరగంట పోతుంది. నేను పాట దింపుకుంటే ఆయన పాట ఎక్కడికి పోయింది? ఆయన దగ్గరే ఉందిగా." కత్తెర ఆడించాడు. "అయినా సార్, సౌండు చూశారా? కడిగిన అద్దంలా లేదూ! పోస్టర్ల మీద ఎవరో నల్లకళ్ళద్దాలాయన ఉన్నాడే, ఆయన చేశాడంట. చెయ్యంటే అదీ!"

ఆ అద్దం కడిగింది నేనయ్యా అని అరవాలనిపించింది. అరిస్తే దొంగని నేనే. ఊరుకుంటే నా పని ఆ కళ్ళద్దాలవాడి ఖాతాలోకి. అందరూ నా పనిని ఊరికే వాడుకుంటున్నారు, పేరు మాత్రం వాడిది. పాట దొంగిలిస్తే నొప్పి ఎక్కడ పుడుతుందో అప్పుడు తెలిసింది. తెలిసినా లాభం లేదు, పాటలు అప్పటికే ఊరు దాటిపోయాయి.

గురువారం సాయంత్రం తమ్ముడు వచ్చాడు. మూల ఉన్న మూడోవాణ్ణి లాక్కుని కూర్చున్నాడు. కిర్రుమంది.

"కంపెనీ చేతులెత్తేసింది అన్నయ్యా. ఊరంతా దింపుకున్న పాటల్ని మళ్ళీ ఎవడు కొంటాడు, మాకొద్దు పొమ్మన్నారు."

"అయ్యో" అన్నాను. ఆ అయ్యోలో పస లేదని నాకే తెలుస్తోంది.

"ఐదేళ్ళు రాసుకున్న పాటలు. పోనీలే. ఒకరికైనా కలిసొచ్చింది."

"ఎవరికి?"

"కళ్ళద్దాలాయనకి. లీకైన కాపీ విన్నవాళ్ళంతా ఆయన్నే మెచ్చుకుంటున్నారు. కంపెనీ తర్వాతి మూడు ఆల్బమ్‌లూ ఆయనకే ఇచ్చిందట."

నేను వైర్లు చుట్టడం మొదలుపెట్టాను. అప్పటికే చుట్టి ఉన్న వైర్లు.

"నువ్వేమీ అనుకోనంటే ఒక మాట" అన్నాడు తమ్ముడు. "మూడోవాణ్ణి తీసెయ్యడంలో ఆయన నీకంటే ఒక మెట్టు పైనే ఉన్నాడు."

"వాడా?" వైరు చుట్ట గోడకేసి కొట్టాను. "మూడోవాడెవడో వాడికి తెలుసా అసలు? కిర్రుమంటే తాళమనుకున్నాడు గాడిద! పదకొండు చోట్లరా! నాలుగో పాటలో నీ ఊపిరీ కుర్చీ చప్పుడూ అతుక్కుపోయాయి. ఊపిరి తెగకుండా కుర్చీ ఒక్కదాన్నీ లాగడానికి గంటన్నర పట్టింది నాకు! గంటన్నర!"

స్పాంజి పలకలు నా గొంతుని మింగేశాయి.

"గంటన్నరా" అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. "నేను గంట అనుకున్నా."

గోడకి ఆనుకున్నాను. "ఎప్పుడు తెలిసింది?"

"రెండో పాటలోనే. ఆయనిచ్చిన కాపీలో కుర్చీ ఉంది, ఊరందరి దగ్గరున్న కాపీలో లేదు. దాన్ని అంత జాగ్రత్తగా తీసే చెయ్యి ఇంకొకటి లేదు."

"మరి సూటిగా అడగచ్చుగా?"

"అడిగితే కాదనేవాడివి. నువ్వు నాతో అబద్ధమాడితే వినలేను. ఆయన్ని పొగిడితే మాత్రం నువ్వు ఆగలేవు. ఆ మూడు ఆల్బమ్‌ల మాట నా కల్పన."

"ఆ అట్ట చూసి..." నా మాట పూర్తి కాలేదు.

"అట్ట కంపెనీది. చివరి రెండు మాటలూ నావి. అవి కూడా వద్దన్నారు, కొట్లాడి వేయించా."

గోడ వదిలి కంప్యూటరు దగ్గరికి వెళ్ళాను. "శుభ్రం చేసిన కాపీ నా దగ్గరుంది. నువ్వే సొంతంగా పెట్టి అమ్ముకో. నా పేరు వద్దు."

"వద్దన్నయ్యా. అది ఊరికే దొరుకుతోంది, దొరకనీ. రేపు నా పేజీలో నేను పాడింది పాడినట్టు పెడతా, కుర్చీ చప్పుడుతో సహా. నచ్చినవాళ్ళు కొంటారు."

"ఆ చప్పుడుతోనా? నవ్వుతార్రా!"

"నవ్వనీ."

లేచి మూడోవాణ్ణి భుజానికెత్తుకున్నాడు. తలుపు దగ్గర కుర్చీ కాలు తగులుకుంటే నేను పట్టుకోబోయాను. "నేను తీసుకుంటాలే" అన్నాడు. తలుపు మూసుకుంది. కుర్చీ ఉన్న చోట నేలమీద నాలుగు గుండ్రని మచ్చలు మిగిలాయి.

శుక్రవారం పొద్దున ఆ పేజీ తెరిచి డబ్బు కట్టాను. మా ఆవిడ భుజం మీంచి తొంగిచూసింది.

"ఊరికే నా ఫోన్లో ఉన్నవేగా! మళ్ళీ కొంటున్నారేం?"

"అందులో ఒకడు తక్కువయ్యాడు" అన్నాను.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. రెండో పాట. తమ్ముడి గొంతు మెట్టు మెట్టుగా ఎక్కుతోంది. ఎక్కడొస్తుందో నాకు తెలుసు. చెయ్యి దానంతటదే మౌస్ మీదికి పోయింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

కిర్ర్.

కళ్ళద్దాలాయన మీద కోపం ఎప్పుడో పోయింది. ఇప్పుడు నా కడుపుమంటంతా ఆ కుర్చీ మీదే. మా ముగ్గురిలో తమ్ముడి పక్కన మిగిలింది వాడొక్కడే.