బ్లీచింగ్ చల్లిన చెరువు

పెద్దలొస్తున్నారంటే చాలు, మా వాళ్లకి మొదట గుర్తొచ్చేది బ్లీచింగ్ పౌడరే. రోడ్డుకి రెండు పక్కలా తెల్లగా గీత పడితే గాని మర్యాద జరిగినట్టు కాదు. శానిటేషన్ మేస్త్రీగా పన్నెండేళ్లు ఆ గీతలు గీయించినవాణ్ని నేను. ఇప్పుడు ఆ వాసన తగిలితే దారి మార్చుకుని పోతాను.

మల్కాపురం వెనక మురికిగుంటైపోయిన చిన్న చెరువుని, పోర్టులో కళాసీగా చేసే ఎల్లారావు రెండేళ్లు పట్టి బాగుచేశాడు. డ్యూటీ దిగొచ్చి మురుగుకాలవ మళ్లించాడు, గట్టు వెంట తుంగ నాటాడు. ఎప్పుడో ఇక్కడ మాయమైన కొర్రమీనుల్ని పల్లెల నుంచి బిందెల్లో బస్సెక్కించి తెచ్చి వదిలాడు. అందరం పిచ్చోడన్నాం. రెండువేల మూడు జూలైలో నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు. తుంగ మధ్య ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు పైకి తేలుతూ మునుగుతోంది. కింద తల్లిచేప కాపలా కాస్తోంది.

"సూసినావా బావా! ఈ పిల్లలు బతికితే సాలు, సెరువు నిండిపోద్ది. పిల్లల్తో ఉన్న సేపని మావోళ్లెవరూ ముట్టరు."

సొమ్మొకడిది, సోకొకడిది. చెరువు కమిటీ ప్రెసిడెంటు శ్రీరామ్మూర్తి వెంటనే ఒక పెద్ద ఆఫీసర్ని పిలిచి, చేపపిల్లలు వదిలే సభ పెట్టాడు. ముందురోజు నాకు ఆయన ఫోను.

"మేస్త్రీ, సెరువు కంపు కొడతంది. నాలుగు బస్తాల బ్లీచింగ్ పంపీ."

పంపేశాను. చెరువులో ఏం చేస్తారని అడగలేదు. అడగడం మా ఉద్యోగంలో లేదు.

పొద్దున సభకి వెళ్లేసరికి నీళ్లు తేటగా ఉన్నాయి, గట్టు మీద ఖాళీ బ్లీచింగ్ బస్తాలు పడున్నాయి. తుంగ పక్కన పిల్లలన్నీ పాలిపోయి తేలుతున్నాయి, వాటి మధ్య తల్లి వెల్లకిలా పడి ఉంది. ఆఫీసరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ప్లాస్టిక్ సంచిలోని కొత్త పిల్లల్ని ఆ నీళ్లలోనే గుమ్మరించి ఫొటోకి నవ్వాడు. అవి కాసేపు గిలగిల్లాడి ఆగిపోయాయి. జనం చప్పట్లు కొట్టారు. ఛీ, నేనూ కొట్టాను.

తర్వాత ఎల్లారావుని పిలిచి శాలువా కప్పారు. వాడు నీళ్లలోకి దిగి, ఆ శాలువాతోనే చచ్చిన పిల్లల్ని దేవి తెచ్చి శ్రీరామ్మూర్తి కాళ్ల ముందు దులిపాడు.

"ఏట్రా ఇది, అయ్యగారి ముందు!" అని శ్రీరామ్మూర్తి అరిచాడు.

"కంపు పోనాదా బాబూ?" అన్నాడు ఎల్లారావు.

తడిబట్టలతోనే నా దగ్గరకొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బావా, ఆ బస్తాలు ఎవుడు పంపినాడో నీకేటైనా తెలుసా?"

"నాకు తెల్దు బావా," అన్నాను.

వాడు నమ్మాడు. నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు.