ఫిడేలు ముసలమ్మ టేపు

ఏసుకుమారి ఓవెన్‌లోంచి టేపు చుట్టను తీసి బల్ల మీద పెట్టింది. పాత టేపులు జిగురెక్కి అంటుకుపోతాయి. సన్నని వేడిలో గంటల తరబడి ఉంచితే కొన్నాళ్లపాటు మళ్లీ పలుకుతాయి. మాస్కు గడ్డం కిందికి లాగి, అంచును గోటితో తాకి చూసింది. వేలికి అంటలేదు.

జర్మనీలోని జీగెన్‌లో ఇంజనీరింగ్ చదవడానికి వచ్చి, పూటపనికని ఈ చిన్న రికార్డుల కంపెనీలో చేరింది. తోటివాళ్లు కార్ల కంపెనీలకు వెళ్లిపోయారు. ఆమె పరీక్షలు తప్పి ఇక్కడే ఉండిపోయింది. అమెరికా కొండల్లో ముసలివాళ్లు బాంజో, ఫిడేలు వాయిస్తూ పాడిన పాటలను యజమాని ఫోల్క్‌మార్ కుర్రతనంలో ఊరూరా తిరిగి రికార్డు చేశాడు. మొదటిసారి విన్నప్పుడు నరసాపురం చర్చిలో నాన్న తాళం తప్పుతూ పాడే కీర్తనలు గుర్తొచ్చాయామెకు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అడిగినవాళ్లూ లేరు.

కరోనాతో కచేరీలు ఆగాయి, రికార్డులు కొనేవాళ్లూ ఆగారు. పోయిన వారం ఫోల్క్‌మార్‌ను ఇక్కణ్ణుంచే ఆంబులెన్సులో తీసుకుపోయారు. మెట్లు దిగుతూ దగ్గు మధ్యలో, "ఫిడేలు ముసలమ్మ పాట... నాకొకసారి వినిపించు," అన్నాడు.

మధ్యాహ్నం ఆయన కూతురు వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"సోమవారం చెత్త కంటైనర్ వస్తుంది. ఈ టేపులన్నీ అందులో వేయించండి."

"ఆయన ఇంకా ఉన్నారు కదా!"

"డాక్టర్లతో మాట్లాడింది నేను, మీరు కాదు."

ఆమె వెళ్లాక ఏసుకుమారి టేపు ఎక్కించి, పాటను ఫోన్‌లోకి తీసుకుంది. చర్చిలో పరిచయమైన సహానా ఆ ఆసుపత్రిలోనే నర్సు.

"పాట పంపించానమ్మా. ఆయన చెవి దగ్గర పెట్టవూ?"

"వార్డులో ఇద్దరమే ఉన్నామక్కా. పీపీఈ సూట్ వేసుకుని లోపలికెళ్తే బయటికి రావడానికి చాలా టైం పడుద్ది."

"ఒక్క పాటే, తల్లీ."

చీకటి పడుతుండగా సహానా ఫోన్ చేసింది.

"పెట్టానక్కా. రెండుసార్లు పెట్టా. ఏం కదల్లేదు... ఇందాకే పోయారు."

"వినే ఉంటారులే," అంది ఏసుకుమారి. ఇన్నేళ్ల చాకిరీకి అదొక్కటైనా మిగిలిందనుకుంది.

యంత్రం ఆపి, కోటు తొడుక్కుంది. రేపటి నుంచి రానక్కర్లేదు. తాళాలు పెట్టేసి పోదామని ఆయన సొరుగు లాగింది. అందులో, పాటలమ్ముకునే మనిషి ఇన్నేళ్లూ ఎవరి కంటా పడనివ్వని చెవిటి మిషన్లు రెండు, ఛార్జర్ గూళ్లలో పచ్చలైటుతో వెలుగుతున్నాయి.