ఒంటిగంటకు పావు తక్కువ

కత్తెరమ్మకు ఆ పేరు ఎవరు పెట్టారో ఆమెకే గుర్తు లేదు గానీ, ఆ చొక్కాల కార్ఖానాలో ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. నిజానికి ఆమె పట్టేది కత్తెర కూడా కాదు. పొడవాటి బల్ల మీద అరవై పొరల బట్ట పరిచి, చాక్‌తో గీసిన గీత వెంట నిలువు బ్లేడున్న మిషన్ నడిపించడం ఆమె పని. వేలెడు పక్కకు జరిగిందంటే పాడయ్యేది ఒక చొక్కా కాదు, అరవై చొక్కాలు. పదకొండేళ్లలో ఆమె బ్లేడు గీత దాటలేదు. ఆ సంగతి ఆమె చెప్పుకోదు. బల్ల ముందు నిలబడే తీరు చూస్తే చాలు, తెలిసిపోతుంది.

చెప్పుకోని సంగతి ఇంకొకటుంది. ఆమెకు షుగర్. నాలుగేళ్లు మాత్రలు మింగింది, ఈ ఏడాది నుంచి ఇన్సులిన్. ఆ సూది పెన్నును కళ్లజోడు పెట్టెలో దాచుకుని తెస్తుంది. కళ్లజోడే లేని మనిషి కళ్లజోడు పెట్టె ఎందుకు మోస్తోందని ఇన్ని నెలల్లో ఒక్కరూ అడగలేదు. లోకానికి అంతంత మాత్రమే పట్టింపు, అవసరం లేని చోట మాత్రం వెయ్యి కళ్లు.

భోజనం బెల్లు ఒంటిగంటకు కొడతారు. కొట్టాక బాత్రూం ముందు బారెడు లైను. అందుకని ఆమె పావు తక్కువకే వెళ్లి, గడియ ఊడిన తలుపును కాలితో అదిమిపెట్టి, పొట్టలో సూది పొడుచుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి మిషన్ పట్టుకునేది. పావుగంటలో బెల్లు, వెంటనే డబ్బా. డాక్టరమ్మ చెప్పిన లెక్క కూడా అదే. సూది వేసుకున్న పావుగంటలో కడుపులో తిండి పడాలి.

ఇంత గుట్టు ఎందుకంటే, బొత్తాలు కుట్టే ఒకామె గతి ఆమె కళ్లారా చూసింది. ఆవిడ ఒకసారి నోరు జారి తనకు షుగరుందని చెప్పింది. మర్నాటికల్లా "స్వీటక్క" అయిపోయింది. టీ బల్ల దగ్గరికి ఆవిడ వస్తే "చక్కెర డబ్బా దాచండర్రా" అని ఒకడు అరిచేవాడు, పదిమంది పకపక నవ్వేవాళ్లు. ఆర్నెల్లు తిరక్కుండానే ఆవిడను దారాలు కత్తిరించే మూలకు పంపేశారు. అక్కడ జీతమూ తక్కువే, వెలుతురూ తక్కువే. అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి రావడం ఎవరూ చూడలేదు.

ఇంట్లో సంగతి ఇంకా విడ్డూరం. ఎవరైనా చుట్టాలొచ్చి స్వీటు పెడితే, ఆమె భర్త "మా ఆవిడ డైటింగు చేస్తోందండీ" అని అడ్డం పడతాడు. పుల్లలా ఉండే మనిషికి డైటింగేమిటని చుట్టాలు నోళ్లు తెరిచేవాళ్లు.

ఆ రోజు సరుకు సాయంత్రానికల్లా లారీ ఎక్కాలి. ఫ్లోర్ మేనేజరు పొద్దుటి నుంచి కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు తిరుగుతున్నాడు. ఆయన జేబులో ఎప్పుడూ ఆకుపచ్చ సిరా పెన్నుంటుంది. తప్పు కనపడిన ముక్క మీద సున్నా చుడతాడు. సున్నా పడిందంటే పారెయ్యమని కాదు, సరిచేసి తెమ్మని.

కత్తెరమ్మ అలవాటు ప్రకారం పావు తక్కువకు వెళ్లి సూది వేసుకుని వచ్చింది. ఒంటిగంట అయింది. బెల్లు మోగలేదు. "ఇవాళ భోజనాలు రెండింటికి. ఎవరూ కదలొద్దు" అని మేనేజరు కేకేశాడు.

డబ్బా తెరుద్దామంటే బట్ట దగ్గర తిండి నిషేధం. బయటికి వెళ్తానంటే ఎందుకని అడుగుతారు. ఒక్క మాట చెబితే పోయేదానికి, ఇన్నేళ్ల గుట్టు ఆ మాటను గొంతులోనే పట్టుకుంది. ఇంకో పది నిమిషాలు ఓర్చుకుంటాననుకుంది. ఒంటిగంటన్నరకు ఒళ్లంతా చెమటలు. వేళ్లు ఆమె మాట వినడం మానేశాయి. చాక్ గీత ఒకటి కాస్తా రెండు గీతలై కనపడింది. బ్లేడు అరవై చొక్కా చేతుల ముక్కల్లోకి రెండు వేళ్ల మేర దూసుకుపోయింది.

మిషన్ ఆపింది ఆమే. ఆపి, అక్కడే కూలబడింది.

కుంటుతూనే అందరికంటే ముందు వచ్చింది ఇస్త్రీ బాబాయ్. ఇస్త్రీ బల్ల కింద నుంచి గ్లూకోజ్ పొట్లం తీసుకొచ్చి, నీళ్లలో కలిపి ఆమె చేత తాగించాడు. ఆయన దగ్గర ఆ పొట్లం ఎందుకుందో ఆ హడావిడిలో ఎవరికీ తట్టలేదు. ఆ నీళ్ల కోసమే ఎవరో ఆమె సంచీ కుమ్మరించారు. కళ్లజోడు పెట్టె తెరుచుకుని సూది పెన్ను అందరి కాళ్ల మధ్యకు దొర్లింది.

"ఓహో, ఈవిడ కూడా స్వీటేనా!" అన్నారెవరో వెనకనుంచి.

సాయంత్రం మేనేజరు ఒక కాగితం చేతిలో పెట్టాడు. "ఏం లేదమ్మా, నా ఇష్టంతోనే దారాల సెక్షనుకు మారుతున్నానని రాసుంది. రేపు సంతకం పెట్టి ఇచ్చెయ్. నీ మంచికే చెబుతున్నా. చెయ్యి వణికేవాళ్లను బ్లేడు దగ్గర పెట్టలేను."

ఇంటికొచ్చి చెబితే భర్తా అదే మాటన్నాడు. "పెట్టెయ్యరాదూ? కూర్చుని చేసే పని, హాయి. అందరికీ తెలిసిపోయాక అక్కడ మొహమెలా చూపిస్తావు?"

"ఏం, నేను దొంగతనం చేశానా?" అంది కత్తెరమ్మ. అంతవరకూ లోపల అణచుకున్నదంతా ఒక్కసారి పైకొచ్చింది. "దొంగలా దాక్కున్నాను చూడండీ, అదీ నా తప్పు. తిండి ముందుంటే గానీ సూది వేసుకోకూడదని చంటిపిల్లకు కూడా తెలుస్తుంది. బాత్రూం లైనుకు భయపడి ముందే వేసుకున్నాను. నన్ను కింద పడేసింది షుగర్ కాదు, సిగ్గు. ఇకమీదట మీ చుట్టాలకు డైటింగని చెప్పకండి. షుగర్ అని చెప్పండి. మీకు నోరు తిరక్కపోతే నేనే చెప్తాను."

ఆయన మంచం పక్కనున్న అలారం గడియారం తీసి సంచీలో వేసుకుంది.

"అది తీసుకెళ్తే రేపటి నుంచి నేనెలా లేవాలి?"

"నేను లేపుతాగా."

మర్నాడు ఆమె అందరికంటే ముందే వెళ్లి, పాడైన అరవై చేతులనూ బల్ల మీద పరిచింది. రెండు వేళ్లు తగ్గాయి కాబట్టి పెద్ద సైజుకు పనికిరావు, చిన్న సైజుకు నిక్షేపంగా సరిపోతాయి. నమూనా మార్చి మళ్లీ కోసింది. మిగతావాళ్లు వచ్చేసరికి అరవై చేతులూ కట్టగట్టి ఉన్నాయి. సరుకు ఇంకా లారీ ఎక్కలేదు, అది ఎక్కేదాకా భోజనాలు రెండింటికేనని మేనేజరు పొద్దున్నే చెప్పేశాడు. తర్వాత ఆమె రోజువారీ పనిలో పడింది. ఎవరి చూపు ఎటుందో పట్టించుకోలేదు, పక్కన చెవులు కొరుక్కుంటున్నా తల తిప్పలేదు.

ఒంటిగంటకు పావు తక్కువకు గడియారం గణగణా మోగింది. కుట్టు మిషన్లన్నీ ఒక్కసారి ఆగాయి. కత్తెరమ్మ బ్లేడు ఆపి, బట్టకు దూరంగా స్టూలు లాక్కుని కూర్చుంది. డబ్బా తీసి ఎదురుగా పెట్టుకుంది. వేలి కొస పొడిచి, చుక్క రక్తాన్ని అరచేతంత షుగర్ మిషన్‌కు అద్ది, "నూట ముప్ఫై ఎనిమిది" అని పైకే చదివింది. పైన తొడుక్కున్న పని చొక్కా అంచు కాస్త పైకి జరిపి, అందరూ చూస్తుండగా సూది వేసుకుంది.

మేనేజరు ఒంటికాలి మీద లేచాడు. "ఇదేమన్నా ఆసుపత్రా? సంతకం పెట్టమంటే ఈ నాటకమేంటి?"

"నాటకం ఇన్నాళ్లూ ఆడాను సార్, ఇవాళ మానేశాను."

"నీ చెయ్యి వణికింది. అది నేను కళ్లారా చూశాను."

"వణికింది. తిండి లేక వణికింది. ఒంటిగంటకు తిననిస్తే వణకదు. పదకొండేళ్లలో ఎన్నిసార్లు వణికిందో మీరే చెప్పండి."

"రూలంటే అందరికీ ఒకటే. నీకొక్కదానికీ వేరే బెల్లు కొట్టించనా?"

"అక్కర్లేదు, నా బెల్లు నేనే తెచ్చుకున్నాను." "సున్నా చుట్టిన ముక్కను కూడా మీరు పారెయ్యరు, సరిచేసి తెమ్మంటారు. నిన్నటి అరవై చేతులూ సరిచేశాను, అవిగో. బట్టకున్న పాటి విలువ మనిషికి లేదా సార్? నేను సంతకం పెట్టను. తీసేస్తే తీసెయ్యండి. అప్పుడు షుగరుందని తీసేశామని రాసివ్వండి."

ఆమె గడియారం చూసింది. "మీతో మాట్లాడేసరికి పావుగంట అయింది. ఇక నేను తినాలి" అని డబ్బా మూత తీసింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఈసారి నవ్వింది ఆమెను చూసి కాదు. ఇస్త్రీ బాబాయ్ ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపి, కుంటుకుంటూ వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు. "నా నంబరు నీకంటే పెద్దదమ్మాయ్. ఈ కాలి పుండు బూటు కరిచి అయిందని అందరికీ అబద్ధం చెప్పాను" అంటూ మేజోడు విప్పాడు. ఇంతలో దారాల మూలలోంచి స్వీటక్క తన డబ్బా పట్టుకుని వచ్చింది. టీ బల్ల పక్కనుంచే వచ్చింది, చక్కెర డబ్బా మాట ఎవరూ ఎత్తలేదు. మేనేజరు గిరుక్కున తిరిగి తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

కత్తెరమ్మ ఆ సంతకం కాగితాన్ని తిరగేసి, ఖాళీ వైపు తారీకు వేసి, తన షుగర్ నంబరు రాసి, బల్ల పైన గోడకు గుండుసూదితో గుచ్చింది. కింద బాబాయ్ రాశాడు. ఆ కింద స్వీటక్క నంబరు వేసి, పక్కనే తన అసలు పేరు గుండ్రంగా రాసింది. ఆ పేరు ఎంత బాగుందో కత్తెరమ్మ అప్పుడే గమనించింది.

ఆమెను తీసేస్తున్నట్టు కబురేదీ రాలేదు. ఉండమనీ ఎవరూ చెప్పలేదు. రోజూ భయంగానే వచ్చేది, వచ్చి మిషన్ పట్టుకునేది, పావు తక్కువకు గడియారం మోగించేది.

నాలుగో రోజు పొద్దున్న ఆమె వచ్చేసరికి కాగితం మీద కొత్త నంబరుంది. పేరు లేదు. రెండు వందల ఎనభై ఆరు. ఆకుపచ్చ సిరా.

ఆమె తల తిప్పి చూసింది. ఎదురుగా అద్దాల గదిలో మేనేజరు తల వంచుకుని ఏవో కాగితాలు తిరగేస్తున్నాడు. స్వీటక్కను మూలకు పంపింది ఆ చేతులే. కత్తెరమ్మకు ముందు ఒళ్లు మండింది. తర్వాత ఆ నంబరు మళ్లీ చూసింది. ఈ మనిషి ఏ బాత్రూంలో, ఏ తలుపును కాలితో అదిమిపెట్టి బతుకుతున్నాడో అనుకుంది.

జేబులోంచి చాక్ తీసి, ఆ రెండు వందల ఎనభై ఆరు చుట్టూ సున్నా చుట్టింది.

ఆ రోజు భోజనం బెల్లు సరిగ్గా ఒంటిగంటకు మోగింది.