తినని పండు

దయామణి కాయ మీద బొటనవేలు వేసి నొక్కింది. పైకి నిగనిగలాడే బంగినపల్లి, తొడిమ దగ్గర మాత్రం మెత్తన. పక్క గంపలో పడేసింది. చాట్రాయి మామిడి యార్డులో ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఇదే, లోపల చెడిన కాయను పైనుంచే పట్టెయ్యడం. సొన పడీపడీ వేళ్ళు నల్లగా మచ్చలు కట్టాయి. ఆ వాసనకే ఆమెకు కడుపులో తిప్పుతుంది. పండు నోట పెట్టి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

నిరుడు ఇదే సీజన్లో కడుపు నొప్పి పట్టుకుంది. ఈ చుట్టుపక్కల వేసవిలో కడుపు నొప్పంటే ఒకటే మాట: పళ్ళు ఎక్కువ తిన్నావు, వేడి చేసింది. ఊళ్ళో ఆరెంపీ డాక్టరూ అదే అన్నాడు. నూజివీడు వెళ్ళి స్కానింగ్ తీయించుకొచ్చాక కూడా అదే అన్నాడు.

"గ్రంథులు వాచాయమ్మా, వేడికే. పళ్ళు మానెయ్."

"నేను తిననండీ."

ఆయన అప్పటికే స్కానింగ్ రిపోర్టు కవరు మీద ఏదో గీకేసి ఇంకొకరిని పిలిచాడు. ఆమెకు చదువు రాదు. కవరు ఇంట్లో ట్రంకుపెట్టెలో దాచింది.

ఆ కవరే పట్టుకుని ఈ మధ్యాహ్నం కూతురు షీబా యార్డుకి పరుగున వచ్చింది. విజయవాడలో నర్సింగ్ చదువుతోంది. సెలవులకొచ్చి, ఆధార్ కార్డు కోసం పెట్టె వెతికింది.

"అమ్మా, పొట్టలో లింఫ్ గ్రంథులు బాగా పెరిగాయి, వెంటనే ముక్క తీసి పరీక్ష చేయించాలని రాశారే! ఏడాదైంది. ఎవరూ చదవలేదా?"

"ఆయన చదివాడనుకున్నానే."

దయామణి గంప సగంలో వదిలేసి లేచింది. ఆ కవరు తీసుకుని తిన్నగా ఆరెంపీ దగ్గరికి వెళ్ళింది.

"ఇందులో ఏం రాసుందండీ?"

కాగితం చూసి ఆయన తల గోక్కున్నాడు. "ఈ సీజన్లో అందరికీ వేడేగా అని..."

"తిననని చెప్పానా లేదా? మేం కాయనైనా నొక్కి చూస్తామండీ. మీరు నా పొట్ట మీద చెయ్యైనా వెయ్యలేదు!"

"పోన్లే దయామణీ, పెద్దాయన" అన్నారు బెంచీ మీదివాళ్ళు. వాళ్ళకేం, పొట్ట వాళ్ళది కాదు కదా.

ఆమె యార్డుకి తిరిగొచ్చి వదిలేసిన గంప పూర్తి చేసింది. ఆ సాయంత్రం ఆమె చేతి నుంచి ఒక్క చెడ్డ కాయ కూడా సరుకు పెట్టెలోకి పోలేదు.

మర్నాడు విజయవాడ పెద్దాసుపత్రిలో ముక్క తీశారు. వారానికి ఫలితం వచ్చింది: క్యాన్సర్. అంతటా పాకింది, నిరుడే వచ్చుంటే బాగుండేదన్నారు. ఆ వేసవి రసాల మామిడి కోతలు పూర్తికాకముందే, ఒక ఉదయం, షీబా పాలు తేవడానికి వెళ్ళొచ్చేలోగా దయామణి పోయింది.

సమాధి చేసి వచ్చిన షీబా ఇంట్లో ట్రంకుపెట్టె మీద ఆ కవరు చూసింది. దాని మీద ఆరెంపీ బాల్‌పెన్నుతో రాసి, కింద రెండు గీతలు కొట్టిన మాట ఇంకా చెరిగిపోలేదు: "మామిడిపళ్ళు తినరాదు."