కుడికాలి గేరు

"బటన్ నొక్కడమే కదా, అంతమాత్రం నీకూ వస్తుంది," అన్నాడు కేదార్, బండి ఇంటికొచ్చిన మొదటివారం.

అప్పటినుంచి ప్రతి బుధవారం పదకొండు గంటలకి, వంట ముగించి, మంజూష సెల్లారులోకి దిగుతుంది. బండి మీది ముసుగు తీస్తుంది. తాళం తిప్పి బటన్ నొక్కి, ఐదు నిమిషాలు ఇంజను తిరగనిచ్చి ఆపేస్తుంది. వాడకుండా ఉంచితే బ్యాటరీ దిగిపోతుందట. అలాగని రోజూ వాడటానికీ వీల్లేదు. పంజగుట్ట ట్రాఫిక్‌లో గీతలు పడతాయి, మాదాపూర్ వెళ్ళడానికి ఆఫీసు క్యాబ్ ఉండనే ఉంది. ఆ తర్వాత పాత బనీను ముక్కతో ట్యాంకూ, అద్దాలూ, వెండిగిన్నెలా మెరిసే సైలెన్సరూ తుడుస్తుంది. కొత్త గుడ్డ పనికిరాదు, వంటింటి గుడ్డ అసలే పనికిరాదు, అన్నీ చెప్పిపెట్టాడు. తుడిచాక మళ్ళీ ముసుగు కప్పుతుంది. పెళ్ళయిన ఈ పద్నాలుగేళ్ళలో కేదార్ దేన్నయినా ఇంత జాగ్రత్తగా కప్పిపెట్టమనడం ఆమె ఒక్కసారే చూసింది. అది తన కాలి మీది మచ్చ.

బండి చూడటానికి పాతకాలపు ఇంగ్లీషు బండే. గుండ్రటి దీపం, కన్నీటిచుక్కలాంటి ట్యాంకు, స్ప్రింగుల సీటు. లోపల మాత్రం సెల్‌ఫోనంత కొత్తది. ఎనిమిది నెలలు క్యూలో ఉంటే వచ్చింది. వెనక సీటు విడిగా వస్తుంది, కావాలంటే పెట్టుకోవచ్చు. "అది తీసేస్తేనే అసలైన క్లాసిక్ లుక్," అని కేదార్ దాన్ని అదేరోజు విప్పి అటక మీద పెట్టించాడు. పెట్టింది మంజూషే, స్టూలెక్కి. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ బండి ఆమె పేరు మీదే ఉంది. కేదార్ జాతకంలో శని బాగాలేదనీ, వాహనం ఇల్లాలి పేరున కొనమనీ సిద్ధాంతిగారు చెప్పారు. ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసులో వరసలో నిలబడి ఫోటో దిగి, వేలిముద్ర వేసి వచ్చింది ఆమె. శనికి తను ఎదురెళ్ళినా ఫరవాలేదన్నమాట.

ఆ మచ్చ సంగతి. కుడికాలి పిక్క మీద బెత్తెడు పొడవున ఉంటుంది. పెళ్ళయిన వారానికి కేదార్ అడిగాడు. మంజూష మొత్తం చెప్పింది. నాన్న అచ్యుతరావు కాలవల శాఖలో సూపర్‌వైజరు. మిలిటరీ వేలంలో కొన్న బీఎస్‌ఏ మోటార్‌సైకిలు మీద గట్లన్నీ తిరిగేవాడు. ఆ చప్పుడు రెండు మైళ్ళ నుంచే వినబడేది, అది విని అమ్మ అన్నం వార్చేది. పదిహేడో ఏట నాన్నే బండి నేర్పాడు. ముందు కార్బురేటర్ మీది బొడిపె నొక్కాలి, పెట్రోలు వేలికి తడి తగలాలి. తర్వాత స్పార్కు లివర్ వెనక్కి తిప్పాలి, అప్పుడే కిక్కు. ఒకరోజు లివర్ మర్చిపోయింది. కిక్కు ఎదురు తన్ని పిక్క చీరేసింది. ఏడు కుట్లు. నాన్న డాక్టరు ముందే నవ్వుతూ, "బండి నిన్ను గుర్తుపట్టిందే అమ్మడూ, ఇంక మర్చిపోదు," అన్నాడు.

కేదార్ కళ్ళార్పకుండా విన్నాడు. మధ్యమధ్యలో అడిగి మరీ చెప్పించుకున్నాడు. నాన్న తర్వాత తన మాట ఇంత శ్రద్ధగా విన్న మగాడు ఇతనే అని ఆమె మురిసిపోయింది కూడా. అంతా అయ్యాక అతనన్నది ఒక్కటే మాట. "బాగుంది గానీ, మా అమ్మ దగ్గర అనకు. ఆడపిల్ల మోటార్‌సైకిలు అంటే ఇంకేవేవో అనుకుంటుంది."

అత్తగారు అరుణాదేవి నెల తిరక్కుండానే అడిగింది. "ఆ కాలిమీదదేంటమ్మాయ్, పెళ్ళిచూపుల్లో కనపడలేదే?"

మంజూష నోరు విప్పేలోపు కేదారే చెప్పేశాడు. "మెట్ల మీద పడిందటమ్మా, చిన్నప్పుడు."

ఆనాటినుంచి మంజూష మెట్ల మీద పడిన మనిషి. ఆడపడుచు అడిగినా మెట్లే, పక్కింటావిడ అడిగినా మెట్లే. ఊళ్ళో ఆమె పుట్టింటికి మెట్లు రెండే రెండు.

నాన్న చనిపోయిన ఏడాది ఆ బీఎస్‌ఏని ఇక్కడికి తెచ్చుకుంటానంది. "ఆ తుక్కుని సెల్లారులో పెడితే అసోసియేషన్ వాళ్ళు నా మొహాన ఉమ్మేస్తారు," అన్నాడు కేదార్. పాత ఇనుము కొనేవాడికి ఫోన్ చేసిందీ అతనే. ఆ బండికి చోటులేని సెల్లారులోనే, సరిగ్గా అదే స్తంభం పక్కన, ఇప్పుడు దాని వేషం వేసుకున్నది నిలబడి ఉంది.

ఆదివారాలు క్లబ్బు వాళ్ళు వస్తారు. పదిమంది, అందరూ సాఫ్ట్‌వేరే, అందరివీ ఇలాంటి బండ్లే. కేదార్ ఇంట్లో పెసరట్లు తిని, శామీర్‌పేట దాకా వెళ్ళి, ఎండెక్కేలోగా తిరిగొస్తారు. దాన్ని రైడు అంటారు. ముప్ఫై పెసరట్లూ, రెండు పచ్చళ్ళూ, ఫ్లాస్కు నిండా కాఫీ మాత్రం రైడు లెక్కలోకి రావు. ఒక వారం ఎర్రగడ్డ నుంచి మెకానిక్ రాజనర్సయ్యని గౌరవంగా పిలుచుకొచ్చారు. నలభై ఏళ్ళుగా పాత ఇంగ్లీషు బండ్లే విప్పి బిగిస్తున్న మనిషి. తెల్లటి మీసం, గోళ్ళ చివర వదలని నలుపు.

మంజూష పెనం మీద అట్టు తిప్పబోతూ ఉండగా హాల్లోంచి కేదార్ గొంతు వినబడింది.

"మా నాన్నగారిది బీఎస్‌ఏ. మిలిటరీ ఆక్షన్‌లో కొన్నారు. కాలవగట్టు మీద ఆయన వస్తుంటే రెండు మైళ్ళ నుంచే తెలిసిపోయేది. ఆ సౌండ్ విని మా అమ్మ అన్నం వార్చేది."

అట్లకాడ చేతిలోనే ఆగిపోయింది. కేదార్ వాళ్ళ నాన్నగారికి సైకిలు కూడా రాదు. ఆయన జన్మంతా రిక్షాలోనూ ఆర్టీసీ బస్సులోనూ గడిచింది. ఇక అరుణాదేవిగారు అన్నం వార్చడం ఎప్పుడూ లేదు, వాళ్ళింట్లో వంటమనిషి ఉండేది.

"పదిహేడేళ్ళకి ఫస్ట్ టైమ్ నేనే కిక్ కొట్టా. స్పార్క్ లివర్ మర్చిపోయా. కిక్ రివర్స్ కొట్టి పిక్క చీరేసింది. ఏడు కుట్లు! నాన్నగారు ఏమన్నారో తెలుసా? 'బండి నిన్ను గుర్తుపట్టిందిరా, ఇంక మర్చిపోదు' అన్నారు."

"భాయ్, ఏం చెప్పినవ్ భాయ్! రోమాలు లేచినయ్," అన్నారెవరో. "జర మచ్చ చూపియ్!"

"ఇప్పుడీ బూట్లు విప్పితే మీరంతా ఇల్లు ఖాళీ చేస్తారు," అన్నాడు కేదార్. అందరూ ఘొల్లుమన్నారు. నవ్వులు సర్దుకున్నాక అతను గొంతు తగ్గించాడు. "ఆయన పోయాక ఉంచుకోలేకపోయాం. బండిని ఇచ్చేసిన రోజు నేను అన్నం ముట్టలేదు."

ఆ రోజు అన్నం ముట్టనిది ఎవరో పెనానికి తెలియదు కాబట్టి అది తనపని తాను చేసుకుపోయింది. అట్టు మాడిపోయింది. మంజూష దాన్ని తీసి పక్కన పెట్టింది, తన ప్లేటులోకి. కోపం వస్తుందేమోనని చూసింది, రాలేదు. ఇల్లు విడిచి నాలుగు రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి బీరువా తెరిచి ఉంటే, ఏం పోయిందో తెలిసేలోపు నిలబడిపోతామే, అలా నిలబడింది. పెళ్ళయిన కొత్తలో అతను విన్నాడనుకుంది. వినలేదు, ఒక్కొక్కటే తీసి మడతపెట్టి దాచుకున్నాడు. ఆమెను మాత్రం వాటి జోలికి వెళ్ళొద్దన్నాడు, పద్నాలుగేళ్ళు.

రాజనర్సయ్య గొంతు సవరించుకున్నాడు. "సార్, నాదొక చిన్న డౌటు. గా బండికి గేర్లు ఏ కాలుతోని ఏస్తుంటిరి?"

"ఏ కాలేంటండీ, ఎడమ కాలే. గేరు ఎడమ, బ్రేకు కుడి. ఏ బండికైనా అంతేగా!"

తేడా ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ నవ్వలేదు. "గంతే సార్, గంతే," అని రాజనర్సయ్య ప్లేటులోకి తల దించుకున్నాడు.

చేతులు కడుక్కోవడానికి ఆయన వంటింట్లోకే వచ్చాడు. కుళాయి తిప్పుతుండగా మంజూష వెనక్కి తిరక్కుండానే అంది. "కుడికాలండీ. బ్రేకే ఎడమ."

కుళాయి ఆగింది. "మీ నాయినదా అమ్మా బండి?"

"ఊఁ."

"మరి గా కుట్లు?"

"మెట్ల మీద పడ్డానండీ," అంది. ఇన్నేళ్ళ అలవాటు, నోటికి అదే వచ్చేసింది.

రాజనర్సయ్య ఆమెవైపోసారి చూశాడు. తర్వాత వంగి, కుడికాలి ప్యాంటు మోకాలిదాకా లాగాడు. పిక్క మీద ఒకదాని పక్కన ఒకటి నాలుగు తెల్లని గీతలు. "నేను సుత పడ్డనమ్మా. నాలుగు మెట్లు," అన్నాడు. మంజూషకి నవ్వొచ్చింది. దాని వెనకే ఏడుపు కూడా రాబోతుంటే, హాల్లోంచి కేదార్ కేక వేశాడు. "మంజూ, అల్లప్పచ్చడి!"

సాయంత్రం కేదార్ ఉత్సాహంగా ఉన్నాడు. క్లబ్బు వాళ్ళు ఏటా వేసే పుస్తకంలో ఈసారి మొదటి పేజీలో అతని కథ వేస్తారట.

"మీ నాన్నగారు బండి మీదున్న ఫోటో ఉండాలిగా, ఇలా తియ్యి. ఫోటో ఉంటే ఆ వెయిటే వేరు."

"అందులో నేను కూడా ఉన్నాను."

"తెలుసులే. తిరపతిలో గుండు చేయించుకొచ్చినప్పటిది కదా? చొక్కా లాగూ వేసుకుని ట్యాంకు మీద కూర్చున్నావు. ఆడో మగో ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"నీకు తెలిస్తే ఏమయిందే? నువ్వు పరాయిదానివా? మొగుడూపెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏంటి!"

ఈ మాట ఆమెకు బాగా పరిచయం. ఎప్పుడూ ఆమె వస్తువు ఏదో ఒకటి గడప దాటుతున్నప్పుడే వినబడుతుంది.

రేకుపెట్టెలోంచి ఫోటో తీసింది. ఇవ్వబోలేదు, చూసుకుంటోంది. కేదార్ ఆమె చేతిలోంచి అందుకుని, హోంవర్కు చేసుకుంటున్న కూతురి ముందు పెట్టాడు. రవళికి పదేళ్ళు.

"ఈ గుండు ఎవరిదో చెప్పుకో?"

"ఎవరిది?"

"నాదే!"

రవళి ఫోటోని, తండ్రిని మార్చిమార్చి చూసింది. "అవును నాన్నా! ముక్కు నీదే. నీకు గుండు భలే ఉంది."

కేదార్ మంజూషకి కన్ను గీటాడు. "చూశావా? నా కూతురే నమ్మేసింది. వాళ్ళు నమ్మరా!"

ముక్కు ఆ పిల్లదే. ఆ పిల్లకి మంజూష ఇచ్చింది, మంజూషకి అచ్యుతరావు ఇచ్చాడు. ఒక ఇంట్లో ముగ్గురికి అందిన ముక్కు ఒక్క ఆదివారంలో చేతులు మారిపోయింది. అరిస్తే పిల్ల బెదురుతుంది, ఏడిస్తే అతను సముదాయిస్తాడు. ఆ రెండూ ఆమెకు అక్కర్లేదు.

"బుధవారం ఎలాగూ కిందికి దిగుతావుగా," అన్నాడు కేదార్ ఫోటో తిరిగిస్తూ. "అలాగే అమీర్‌పేట వెళ్ళి, మన డీటీపీ వనిత దగ్గర ఇది స్కాన్ చేయించి క్లబ్బుకి మెయిల్ పెట్టించు. కథ నేను తనకి పంపించేశా. షేర్ ఆటోలో వెళ్ళు, మెట్రో పనులకి రోడ్డంతా తవ్వేశారు."

రేకుపెట్టెలో ఫోటో కింద ఇంకోటి ఉంది. పద్దెనిమిది నిండిన నెలలోనే నాన్న తీయించిన లైసెన్సు. గేర్లున్న మోటార్‌సైకిలుకి, ఇరవై ఏళ్ళకి. ఇంకా రెండేళ్ళ ప్రాణం ఉంది దానికి.

బుధవారం పదకొండు గంటలకి మంజూష చుడీదారులో సెల్లారులోకి దిగింది. ముసుగు తీసింది. బనీను ముక్క ముట్టుకోలేదు. కేదార్ హెల్మెట్ పెట్టుకుంటే ముక్కుదాకా జారింది, చున్నీ చుట్టి మళ్ళీ పెట్టుకుంది. వాచ్‌మన్ హనుమాండ్లు పరుగున వచ్చాడు.

"మేడం, సార్‌కి చెప్పిండ్రా?"

"బండి ఎవరిది హనుమాండ్లూ?"

"సార్‌ది."

మంజూష ఆర్సీ కార్డు తీసి చూపించింది. "ఫోటో ఎవరిదుంది?"

హనుమాండ్లు కార్డుని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూశాడు. "మీదే ఉన్నది." కాస్త ఆలోచించి గేటు తెరవడానికి వెళ్ళాడు.

బటన్ నొక్కలేదు. కిక్కు కొట్టింది. ఒక్క తన్నుకే అందుకుంది, ఎదురు తన్నడం దీనికి చేతకాదు పాపం. క్లచ్ పట్టి, గేరు కోసం కాలితో నొక్కింది. బండి కదల్లేదు. మళ్ళీ నొక్కింది. అక్కడే గుడగుడమంటోంది. కిందికి చూసుకుంటే కుడికాలు బ్రేకు మీద ఉంది. ఎడమకాలితో గేరు వెతుక్కుని వేసి, మెల్లగా గేటుదాకా తెచ్చింది. ఆటో ఒకటి అడ్డం రాగానే ఎడమకాలు దానంతటదే బ్రేకు కోసం కిందికి దిగింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"బ్రేకు కుడికాలికుంటది మేడం!" అరిచాడు హనుమాండ్లు.

"నాకు తెలుసు. నా కాలికే తెలీదు," అంది.

అని, అక్కడే గేటు మధ్యలో, పెద్ద హెల్మెట్ లోపల నవ్వుకుంది. కథ కేదార్‌కి వచ్చేసింది, నాన్న మాట వచ్చేసింది, రేపో మాపో గుండు కూడా వచ్చేస్తుంది. ఈ తప్పు మాత్రం అతనికి జన్మలో రాదు. కాలవగట్టు మీద వెనక ఒక మనిషి కూర్చుని, "కుడికాలే, కుడికాలే అమ్మడూ" అని చెవిలో అరుస్తుంటే నేర్చుకున్నవాళ్ళకే వస్తుంది ఇది. మళ్ళీ కిక్కు కొట్టింది.

అమీర్‌పేట చేరేసరికి ఇంకో రెండుసార్లు ఆగిపోయింది. కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద, కాగితాలు పంచేవాళ్ళ మధ్యలో బండి స్టాండు వేసి, డీటీపీ సెంటరు మెట్లెక్కింది. జాగ్రత్తగానే ఎక్కింది, తను అసలే మెట్ల మీద పడే మనిషి.

వనిత ఫోటో స్కాన్ చేసి తెర మీద పెద్దది చేసింది. నాన్న నవ్వు, నున్నటి గుండు, ట్యాంకుని రెండు చేతులా పట్టుకున్న నాలుగేళ్ళ పిల్ల.

"సార్ కథ నా దగ్గరనే ఉంది మేడం. ఫోటో కింద పేర్లు ఏం రాయాలె? ఈ పిల్లగాడు సారేనా?"

"పిల్లగాడు కాదు. రాయి. బండి మీద ఉన్నది మా నాన్న అచ్యుతరావు. ట్యాంకు మీద గుండుతో ఉన్నది నేను, మంజూష. గేర్లు కుడికాలికి. ఏడు కుట్లూ ఆ కాలికే."

వనిత చేతులు కీబోర్డు మీద ఆగాయి. "సార్ రాసిన దాంట్ల వేరే ఉన్నది కదా మేడం?"

"ఉంటుంది. ఆయన కథ కూడా పంపించు. రెండూ పక్కపక్కనే ఉంటే చదువుకోవడానికి బాగుంటుంది."

వనిత మెల్లగా నవ్వింది. "మెయిల్‌ల ఇంకేమన్న రాయాల్నా?"

మంజూష కిటికీలోంచి కింద నిలబడ్డ బండిని చూసింది. దుమ్ము కొట్టుకుపోయింది. ఎడమవైపు చిన్న గీత కూడా పడింది.

"రాయి. ఈ ఆదివారం అందరూ మీ ఇళ్ళలో టిఫిన్లు చేసి రండి. పెసరట్లు వేసే మనిషి రైడుకి వస్తోంది. బండి ఆమెది. వెనక సీటు అటక మీద ఉంది. దించాలో వద్దో ఇంకా ఆలోచిస్తోంది."